‘పద్దు’ పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాక: నా అనుభవం

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఆ రోజు నేను ప్రకాశం జిల్లా పడమటి వైపు మా అమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్నాను. స్కూలు ఆవరణలో వేపచెట్టు పక్కన షామియానా వేశారు. ఉపాధి హామీ కింద చేయబోయే పనుల జాబితాను పంచాయతీ కార్యదర్శి చదువుతున్నాడు. సీసీ రోడ్డు, పశువుల నీటితొట్టె, ఇంకుడుగుంత, మళ్ళీ సీసీ రోడ్డు. జాబితా అయిపోవస్తుండగా వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. “బాబూ, ఈ డబ్బు ఎవరిది? ఢిల్లీదా, అమరావతిదా, మన పంచాయతీదా?” అని అడిగాడు. వేదిక మీద ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “కూర్చో పెద్దాయనా, తర్వాత మాట్లాడదాం” అన్నారెవరో. చప్పట్లు కొట్టించి తీర్మానం ఆమోదించామన్నారు. పెద్దాయన కండువా దులుపుకుని కూర్చున్నాడు.

మర్నాడు పేపర్లో గ్రామసభ ఫొటో వచ్చింది. ఆ ప్రశ్న రాలేదు. రాదని నాకు ముందే తెలుసు. పదకొండేళ్ళు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. కంట్రిబ్యూటర్ పంపిన వార్తలో అలాంటి ముక్క ఉంటే నేనే కొట్టేసేదాన్ని. పేజీలో జాగా ఉండదు, రాత్రి పదింటికల్లా పేజీ వదలాలి. కరోనా ఏడాది జిల్లా పేజీలు కుదించుకుపోయినప్పుడు నా ఉద్యోగం కూడా పోయింది. అప్పటినుంచి అనువాదాలు, ప్రూఫ్ రీడింగ్ చేసుకుంటూ ఒంగోలులోనే ఉంటున్నాను.

ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు ఉంది. ఆ రోజుకున్న నిబంధనల ప్రకారం ఉపాధి పనుల్లో కూలి డబ్బు మొత్తం కేంద్రం ఇస్తుంది. సిమెంటు, కంకర లాంటి సామగ్రి ఖర్చులో నాలుగింట మూడు వంతులు కేంద్రానిది, ఒక వంతు రాష్ట్రానిది. అంతే, రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలు ఆయనకు ఎవరు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి అని వారం రోజులు ఆలోచించాను. ఆ ఆలోచనలోంచే పాడ్‌కాస్టు పుట్టింది.

రాయొచ్చు కదా, మాట్లాడటమెందుకు అని డెస్కు మిత్రులు అడిగారు. మా ఊళ్ళో చదువొచ్చినవాళ్ళు కూడా కలుపు తీస్తూ, వంట చేస్తూ, ఆటో నడుపుతూ చదవలేరు. వినగలరు. వినడానికి ఏముందని చూస్తే, మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు చెప్పడానికి వీల్లేదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. రేడియో ప్రసారాలు వెళ్ళే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళు దాటుతున్నా ఎఫ్‌ఎం పెడితే పాటలే వస్తాయి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008లో సంఘం రేడియో మొదలుపెట్టారు. విత్తనాల గురించి, తిండి గురించి తమ మాటల్లోనే మాట్లాడారు. డెస్కులో ఉన్నప్పుడు ఆ రేడియో గురించిన వార్త దిద్దుతూ, మన వైపు ఇలాంటిది ఎందుకు లేదని అనుకున్నాను. ఇంటర్నెట్ మీద వెళ్ళే పాడ్‌కాస్టుకు రేడియో లైసెన్సు అక్కర్లేదు. నాకు వచ్చిన పని, నా దగ్గర ఉన్న డబ్బు రెండూ దానికి సరిపోతాయనిపించింది.

పేరు పెట్టడానికి ఇరవై రోజులు పట్టింది. ముందు ‘రచ్చబండ’ అనుకున్నాను. అది వైఎస్ రాజశేఖరరెడ్డి గారి కార్యక్రమం పేరు. 2009 సెప్టెంబరు 2న ఆయన రచ్చబండకు వెళ్తూనే చనిపోయారు. ఆ పేరు వినగానే సగం మందికి ఆయన గుర్తొస్తారు. ‘గళం’ అనే మాట చేర్చుదామంటే యువగళం, ప్రజాగళం రెండూ తెలుగుదేశంవి. జనవాణి జనసేనది. ప్రజావాణి తెలంగాణలో సర్కారు అర్జీల కార్యక్రమం. గడప అంటే వైసీపీ వాళ్ళ ‘గడప గడపకు’ ఉంది. ప్రజలు, గొంతు, ఇల్లు, అరుగు, అన్నీ ఎవరో ఒకరు ముందే తీసేసుకున్నారు. మామూలు జనం మాట్లాడుకునే మాటల్లో పార్టీ ముద్ర పడనిది వెతకడానికి అంత కష్టపడాలని నేను అనుకోలేదు. నిజంగా బాధనిపించింది.

చివరికి పేరు మా నాన్న కొట్లో దొరికింది. నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఎర్ర అట్ట పద్దు పుస్తకం గల్లాపెట్టె మీద పెట్టుకునేవాడు. ఎవరెంత అరువు తీసుకున్నారో, ఎంత జమ చేశారో అందులో ఉండేది. నెలాఖరున ఎవరైనా వచ్చి “నా పద్దు ఎంతయింది?” అంటే, నాన్న తనవైపు పెట్టుకుని చదివి వినిపించేవాడు కాదు. పుస్తకాన్ని గుండ్రంగా తిప్పి వాళ్ళ వైపు పెట్టేవాడు. చదువు రానివాళ్ళకైతే వేలితో వరుస చూపిస్తూ ఒక్కొక్కటే చెప్పేవాడు. అసెంబ్లీలో కూడా శాఖల వారీ ఖర్చుల మీద జరిగేదాన్ని పద్దులపై చర్చ అనే అంటారు. ‘పద్దు’ అని పెట్టాను. ఏ పార్టీకీ ఆ మాట మీద ఆశ లేదు.

కవర్ బొమ్మ దగ్గర కూడా ఇదే ఇబ్బంది. మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడు, ఫోనులోనే డిజైన్ చేసింది. మూడు వేల పిక్సెళ్ళ చదరం చేస్తే అన్ని యాప్‌లకూ సరిపోతుంది. మొదట పసుపు వేసింది. “పసుపా? ఇంకేమైనా ఉందా!” అన్నాను. నీలం వేసింది, అదీ పార్టీదే. ఎరుపు, ఆకుపచ్చ, కాషాయం, గులాబీ ఒక్కొక్కటే తీసేశాం. చివరికి పాత కాగితం రంగు మీద నల్ల అక్షరాలు మిగిలాయి. ఫోనులో గోరంత సైజులో కనిపించినా ద్దు కింద ఒత్తు విడిగా తెలిసే ఫాంటు కోసం ఇంకో రెండు సాయంత్రాలు కూర్చుంది. ఈ రోజుకీ ఎవరైనా “మీరు ఏ పార్టీ?” అని అడిగితే కవర్ చూపిస్తాను.

మైకు విషయంలో తప్పు చేశాను. బాగా వినిపిస్తుందని కండెన్సర్ మైకు కొన్నాను. అది నిజంగానే బాగా వింటుంది. పక్కింటి కుక్కర్ విజిలు, మూడో వీధి గుడి మైకు, ఉప్పు బండి అరుపు, మా ఫ్యాను, అన్నీ వింది. స్టూడియో గదులకు అది మంచిది, మన ఇళ్ళకు కాదు. నెల తర్వాత దాన్ని తిరిగి అమ్మి డైనమిక్ మైకు తీసుకున్నాను. నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకుంటే దగ్గరి మాటను పట్టుకుంటుంది, దూరపు చప్పుళ్ళను చాలావరకు వదిలేస్తుంది. బీరువాకూ మంచానికీ మధ్య పరుపు నిలబెట్టి, తలుపుకు బొంత కట్టి, ఫ్యాను ఆపి, తెల్లవారుజామున నాలుగున్నరకు రికార్డు చేస్తాను. ఎడిటింగుకు ఆడాసిటీ వాడుతున్నాను, ఉచితం. హోస్టింగ్ సర్వీసులో ఆడియో ఎక్కిస్తే ఒక ఫీడ్ తయారవుతుంది. ఆ ఫీడ్‌ను స్పాటిఫైకీ ఆపిల్‌కీ ఒకసారి ఇస్తే, తర్వాతి ఎపిసోడ్లు వాటంతటవే వెళ్తాయి. ఇది ఒక మధ్యాహ్నం పని, భయపడాల్సిందేమీ లేదు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ప, బ, భ పలికేటప్పుడు పెదాలు విడివడి గాలి వెళ్ళి మైకుకు తగులుతుంది, టప్పుమని చప్పుడు వస్తుంది. నేను మాట్లాడే విషయమేమో పంచాయతీ, ప్రభుత్వం, బడ్జెట్, బిల్లు, బకాయి, పద్దు. మొదటి రికార్డింగు వింటే ఎవరో డోలు కొడుతున్నట్టు ఉంది. మైకును నోటికి ఎదురుగా కాకుండా చెంప పక్కకు, కొంచెం వాలుగా పెడితే ఆ బాధ పోయింది.

అసలు కష్టం రాతలో వచ్చింది. మొదటి స్క్రిప్టు అచ్చం పేపరు వార్తలా రాశాను. కాగా, ఈ మేరకు, ఇదిలా ఉండగా, నేపథ్యంలో. అమ్మ ముందు కూర్చుని చదివాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. రెండో పేజీలో తలెత్తి, “ఎవరితో చెబుతున్నావే ఇదంతా?” అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. పదకొండేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. పేజీని నింపుతున్నాననే తప్ప ఒకరితో చెబుతున్నానని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ రాత్రి స్క్రిప్టు ముందేసుకుని, నాయకులు మాట్లాడినచోట వాడిన క్రియలు గుర్తుపెట్టాను. మండిపడ్డారు, ధ్వజమెత్తారు, నిప్పులు చెరిగారు, విరుచుకుపడ్డారు, దుయ్యబట్టారు, ఎద్దేవా చేశారు. నిజానికి వాళ్ళు అన్నారు, అంతే. కొందరైతే కాగితం చూసి నెమ్మదిగా చదివారు. మనం రాసేటప్పుడే మంట పెడుతున్నాం, చదివినవాడికి ఊళ్ళో ఎదుటి పార్టీవాడి మీద కోపం అక్కడినుంచే మొదలవుతోంది. అన్నింటినీ ‘అన్నారు’ చేశాను. ఎవరు ఏమన్నారో చెప్పాక, దానికి కాగితం ఉందా లేదా అని ఒక వాక్యం చేర్చాను. స్క్రిప్టు సగానికి సగం తగ్గిపోయింది.

‘గారు’ ఇంకో పెద్ద ప్రశ్న. పేపర్లో ముఖ్యమంత్రికి కూడా గారు రాయం, ఎవరూ తప్పు పట్టరు. గొంతుతో చెప్పేటప్పుడు గారు లేకపోతే తెలుగు చెవికి అది అమర్యాదలాగే వినిపిస్తుంది. ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తే పక్షపాతం. అందరికీ పెడితే భజనలా ఉంటుందేమో అని భయం. నేను పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, ఎపిసోడ్‌లో పేరు మొదటిసారి వచ్చినప్పుడు హోదాతో పాటు గారు అంటాను, ఆ తర్వాత ‘ఆయన’, ‘ఆవిడ’. ముఖ్యమంత్రికీ, ప్రతిపక్ష నాయకుడికీ, ఊళ్ళో కాల్వలు తీసే పారిశుద్ధ్య కార్మికుడికీ ఒకటే పద్ధతి. ఆ కార్మికుడిని గారు అని పిలిచిన ఎపిసోడ్ తర్వాత ఆయన కొడుకు ఫోన్ చేసి, “మా నాన్న మూడుసార్లు విన్నాడండీ” అన్నాడు.

అంకెలు చెప్పడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారు పెట్టిన బడ్జెట్ 3,22,359 కోట్ల రూపాయలు. చూసేవాడికి అది ఒక అంకె, వినేవాడికి చప్పుడు. రాష్ట్ర జనాభా ఐదు కోట్లు అనుకుని భాగిస్తే తలకు 64 వేల పైచిలుకు వస్తుంది. నలుగురున్న ఇంటికి రెండున్నర లక్షలు దాటుతుంది. “మీ ఇంటి పేరు మీద ప్రభుత్వం ఈ ఏడాది ఇంత ఖర్చు పెడతానంటోంది, అందులో మీ ఊరి నీళ్ళకు ఎంత, మీ పిల్లల స్కూలుకు ఎంత అని అడుగుదాం” అని మొదలుపెట్టాను. ఒక నిమిషంలో ఒక అంకెకు మించి చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. వినేవాడు ఆపి వెనక్కి వెళ్ళడు, చేతిలో పని ఉంటుంది.

మొదటి ఎపిసోడ్ 2025 జనవరిలో వచ్చింది. ఆ గ్రామసభ పెద్దాయన ప్రశ్నతోనే మొదలుపెట్టాను. వారంలో నలభై ఒక్క మంది విన్నారు. అందులో చాలామంది చుట్టాలే, కొందరు డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్నవాళ్ళు. నేను ఎవరికోసం చేశానో ఆ పెద్దాయన దగ్గర స్పాటిఫై లేదు. ఆయన మనవడి ఫోనులో ఉన్నది వాట్సాప్. అప్పటినుంచి ప్రతి ఎపిసోడ్‌నూ మోనోలో, 64 కేబీపీఎస్‌లో ఇంకో చిన్న ఫైలు తీస్తున్నాను. అరగంట ఆడియో 14 ఎంబీ వస్తుంది, పల్లెలో సిగ్నల్ తక్కువున్నా దిగుతుంది. ఊళ్ళ గ్రూపుల్లో అది తిరిగిన తర్వాతే వాయిస్ మెసేజీలు రావడం మొదలైంది. అవి యాప్ లెక్కల్లో కనిపించవు. నాకు మాత్రం అసలు శ్రోతలు వాళ్ళే.

నాలుగో ఎపిసోడ్ కోసం ఒక మహిళా సర్పంచి దగ్గరికి వెళ్ళాను. విషయం కేంద్రం పంచాయతీలకు ఇచ్చే పదిహేనో ఆర్థిక సంఘం నిధులు. ఆ డబ్బులో అరవై శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలి, నలభై శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు అన్నది అప్పటి నియమం. ఆ డబ్బును కరెంటు బకాయిలకు సర్దేశారని 2021లో రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు. ఇప్పుడు ఊళ్ళో పరిస్థితి ఏమిటని అడగాలనుకున్నాను.

ఆవిడకు ముప్ఫై రెండేళ్ళుంటాయి. 2021లో మహిళా రిజర్వేషన్ సీటులో గెలిచారు. వరండాలో కుర్చీలు వేశారు. కాలర్ మైకు ఆవిడ కొంగు అంచుకు పెట్టబోతుంటే భర్త, “మేడం, నాకు పెట్టండి, విషయాలన్నీ నేనే చూస్తాను” అన్నారు. మర్యాదగానే అన్నారు. ఇద్దరికీ పెట్టాను. అరగంటసేపు ఆయనే మాట్లాడారు. బోరు మోటారు కాలిపోవడం, బిల్లులు ఆగిపోవడం, సొంత డబ్బు పెట్టి బ్లీచింగ్ కొనడం, అన్నీ వివరంగా, తేదీలతో చెప్పారు. ఆవిడ తల ఊపుతూ కూర్చున్నారు. ఆవిడ మైకులో గాజుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇంతలో ఆయనకు మండలాఫీసు నుంచి ఫోనొచ్చి వీధిలోకి వెళ్ళారు. నేను రికార్డరు ఆపలేదు. ఆవిడ కాసేపు చేతులు చూసుకుని, గొంతు తగ్గించి అన్నారు: “అక్కా, బిల్లు పాస్ చెయ్యడానికి డిజిటల్ కీ ఉంటుంది చూడు, పెన్‌డ్రైవ్ లాగా. కార్యదర్శిది ఒకటి, నాది ఒకటి. నాది బీరువాలో హార్లిక్స్ సీసాలో ఉంటుంది. నాలుగేళ్ళయింది, నేను దాన్ని ఒక్కసారి కూడా కంప్యూటరుకు పెట్టలేదు. ఎలా పెడతారో చూడాలని ఉంటుంది.” చెప్పి, బయటికి చూసి, మళ్ళీ మామూలుగా కూర్చున్నారు.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ముక్క పదిసార్లు విన్నాను. నలభై సెకన్లు. వెనక దూరంగా ఆయన ఫోనులో నవ్వడం, దగ్గరగా ఆవిడ గొంతు. ఎపిసోడ్ మొత్తానికీ అదే ప్రాణం అనిపించింది. డెస్కులో ఉంటే బాక్సు కట్టి మొదటి పేజీకి పంపేదాన్ని. రాత్రి తొమ్మిదిన్నరకు ఆవిడ ఫోన్ చేశారు. “అక్కా, ఆ సీసా మాట వద్దులే. ఆయన మంచోడే. ఊళ్ళో వింటారు” అన్నారు.

వాదించలేదు. సరేనన్నాను, తీసేశాను. తీసేశాక ఎపిసోడ్ చప్పగా అయింది, ఆ సంగతి వినేవాళ్ళు కూడా చెప్పారు. దాని బదులు, పంచాయతీ చెల్లింపు ఎలా జరుగుతుంది, రెండు కీలు ఎందుకుంటాయి, సర్పంచి కీ ఎవరి చేతిలో ఉండాలి అని మూడు నిమిషాలు నా గొంతుతోనే చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు. ఆ ఎపిసోడ్ తర్వాత రెండు మండలాల నుంచి వేరే మహిళా సర్పంచులు ముగ్గురు వాయిస్ మెసేజీ పెట్టారు. ఇక్కడ రాయడానికి కూడా ఆవిడనే అడిగాను. ఊరు తెలియకపోతే రాసుకోమన్నారు.

పేపర్లో ఉండగా ఇలాంటి నిర్ణయాలు నాకు పైవాళ్ళు తీసుకునేవాళ్ళు. ఏది ఉంచాలో ఏది తీయాలో డెస్క్ ఇన్‌చార్జి చెప్పేవారు, తప్పయితే ఆయన పేరు. స్వతంత్రంగా చేస్తున్నామంటే పైన ఎవరూ లేరన్న సంతోషం మొదటి నెల ఉంటుంది. రెండో నెల నుంచి ప్రతి కోతా నా మెడ మీదే పడుతుంది. నిద్ర పట్టని రాత్రులు చాలా ఉన్నాయి.

బడ్జెట్ ఎపిసోడ్‌లో ఒక తప్పు చెప్పాను. ఒక శాఖకు 2024-25లో ఇంత ఖర్చు పెట్టారు అన్నాను. అది ఖర్చు కాదు, బడ్జెట్ అంచనా. రెండో రోజు పొద్దున్నే ఒక ఫోను. ఖజానా శాఖలో సబ్ ట్రెజరీ ఆఫీసరుగా చేసి రిటైరైన ఒకాయన. ఇప్పుడు ఆయన్ను మాస్టారు అనే పిలుస్తాను. “అమ్మాయ్, పెట్టాలనుకున్నదీ పెట్టిందీ ఒకటేనా? అంచనా వేరు, సవరించిన అంచనా వేరు, అసలు లెక్క వేరు. ఈసారి బడ్జెట్ పుస్తకంలో అసలు లెక్క 2023-24ది మాత్రమే ఉంటుంది. నువ్వు చెప్పిన ఏడాదికి ఇంకా రాలేదు” అన్నారు. గొంతులో కోపం లేదు, కొడుకుకు కూడికలు నేర్పుతున్నట్టు చెప్పారు. నాకు చెవులు వేడెక్కాయి.

ఆ ఫైలు సరిచేసి మళ్ళీ ఎక్కించాను. కానీ అప్పటికే దించుకున్నవాళ్ళ ఫోన్లలో పాతదే ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగేదాన్ని అసలే వెనక్కి పిలవలేం. అందుకని తర్వాతి ఎపిసోడ్ మొదటి వాక్యమే తప్పు ఒప్పుకుంటూ పెట్టాను: ఏమన్నాను, ఏది నిజం, ఎవరు పట్టుకున్నారు. పేపర్లో సవరణ లోపలి పేజీలో రెండు లైన్లు వేస్తాం. గొంతుతో, మొదట్లోనే చెప్పేటప్పుడు దాక్కునే చోటు ఉండదు. అప్పటినుంచి లెక్కలున్న ప్రతి స్క్రిప్టూ ముందు మాస్టారికి వెళ్తుంది. ప్రభుత్వాల లెక్కలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైటులో ప్రతి రాష్ట్రానికీ నెలనెలా వచ్చే రాబడి, ఖర్చుల పట్టిక ఎలా చదవాలో ఆయనే నేర్పారు. డబ్బు ఇస్తానంటే తీసుకోరు. ఒకసారి మామిడిపళ్ళు తీసుకెళ్తే, లోపలికి రమ్మని భారతీయ రిజర్వ్ బ్యాంకు రాష్ట్రాల బడ్జెట్ల మీద వేసే నివేదిక ప్రింటు ముందు పెట్టి రెండు గంటలు కూర్చోబెట్టారు.

చట్టం సంగతి లాయర్ స్నేహితురాలు చూస్తుంది. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను, రెండేళ్ళ వరకు జైలు పడొచ్చు. ఆమె స్క్రిప్టులో వెతికేది ముఖ్యంగా విశేషణాలు. ‘అవినీతి కాంట్రాక్టర్’ అని రాస్తే ఎర్రగీత పెడుతుంది. ‘బిల్లు తీసుకున్న తేదీ ఇది, పైపు వేయలేదు, ఫొటో ఈ రోజు తీశాం’ అని రాస్తే వదిలేస్తుంది. కాగితాల కోసం సమాచార హక్కు దరఖాస్తులు పెడుతున్నాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఒక కార్యాలయం ఇవ్వలేదు, మొదటి అప్పీలు వేశాక నలభై మూడో రోజు ఇచ్చింది. ఇచ్చిన పదకొండు పేజీల్లో నాలుగు చదవడానికి రానంత మసకగా ఉన్నాయి. వెళ్ళి అసలు రిజిస్టరు చూపించమని అడిగాను. చూసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. చూపించారు.

శ్రోతలు వెయ్యి దాటాక డబ్బు మాట వచ్చింది. కౌన్సిలర్ టికెట్ ఆశిస్తున్న ఒకాయన మనిషి ఫోన్ చేశాడు. ఎపిసోడ్‌కు ఇంత, నెలకు నాలుగు, ఆరు నెలలు. “పొగడక్కర్లేదు మేడం, అన్నను గెస్టుగా పిలిచి రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ప్రశ్నలు మేమే పంపిస్తాం” అన్నాడు. ఆ మొత్తం నా ఆరు నెలల అనువాదాల సంపాదన కంటే ఎక్కువ. అమ్మాయి ఫీజు కట్టాల్సిన నెల. పెయిడ్ న్యూస్ ఎలా వస్తుందో డెస్కులో చూశాను. ఏ లైన్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలిసీ హెడ్డింగు పెట్టిన చేతులు నావి. ఆ రాత్రుల్లో ఒక్కటి కూడా మర్చిపోలేదు. వద్దన్నాను. ఎన్నికల ముందు వార్డులో పోటీచేసే అందరినీ పిలుస్తాను, ఉచితంగా, అందరికీ ఒకే ప్రశ్నలు, వస్తే సంతోషం అన్నాను. మళ్ళీ ఫోన్ రాలేదు. ప్రస్తుతం ఖర్చు నెలకు నాలుగు వేల లోపు, ఎక్కువ భాగం బస్సు చార్జీలే. ఇద్దరు ముగ్గురు శ్రోతలు నెలనెలా కొంత పంపుతున్నారు. ఎవరు ఎంత పంపారో, దేనికి పెట్టానో ప్రతి మూడు నెలలకూ ఎపిసోడ్ చివర చదువుతున్నాను. పేరు ‘పద్దు’ అని పెట్టుకుని నా పుస్తకం నా వైపే పెట్టుకోలేను కదా.

ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవాళ్ళు మైకు గురించి అడుగుతుంటారు. నేను ముందు ఊరి గురించి అడుగుతాను. మీరు మాట్లాడే విషయానికి మీ బస్సు చార్జీ దూరంలో కాగితం దొరుకుతుందా? దొరికితే చాలావరకు పని అయినట్టే. రాష్ట్ర రాజకీయాల మీద ఇంట్లో కూర్చుని విశ్లేషణ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ మండలంలో ఏ ఓవర్‌హెడ్ ట్యాంకు ఎప్పుడు కడిగారో చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు.

మొన్న ఆ గ్రామసభ ఊరికి వెళ్ళాను. టీ కొట్టు దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు, పెద్దాయన కూడా. “నీ రేడియో విన్నాను తల్లీ. మన ఊరికి ఎంతొచ్చిందో నువ్వు చెప్పలేదు” అన్నారు. ఫోనులో పంచాయతీల లెక్కలుండే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామ స్వరాజ్ తెరిచాను. జిల్లా, మండలం, పంచాయతీ, ఏడాది ఎంచుకుంటే చెల్లింపులు వరుసగా వస్తాయి. ఫోను తిప్పి ఆయన ముందు పెట్టి, ఒక్కొక్క వరుసా చదివాను. పైపులైను మరమ్మతు అని ఉన్నచోట ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. “ఏ వీధి?” అన్నారు. అందులో వీధి పేరు లేదు. పక్కనున్న కుర్రాడు ఆ వరుసను స్క్రీన్‌షాట్ తీసుకున్నాడు. వచ్చే ఎపిసోడ్ దాని మీదే. కార్యదర్శిని కొలతల పుస్తకం చూపించమని అడిగాను, ఇంకా తేదీ చెప్పలేదు.

నిన్న రాత్రి ఆ సర్పంచి గారి నుంచి వాయిస్ మెసేజీ వచ్చింది. పదవీకాలం ఇంకొన్ని నెలలే ఉందట. మంగళవారం వాళ్ళాయన ఒంగోలు వస్తున్నారట, తను పంచాయతీ ఆఫీసులో కార్యదర్శి దగ్గర ఉంటానన్నారు. “కీ తీసుకెళ్తున్నాను అక్కా. నీ మైకు కూడా తీసుకురా” అని ఉంది. రికార్డరుకు కొత్త బ్యాటరీలు కొన్నాను. పొద్దున ఆరున్నర బస్సుకు వెళ్తే తొమ్మిదింటికల్లా అక్కడ ఉంటాను.